తాకి చేసే వైద్యం మన వాడ దాకా రావాలి

(మండల కేంద్రంలో కూలీలు, వికలాంగుల తల్లిదండ్రులు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా అచ్చువేస్తున్నాం. - సం.)



ఈ మీటింగు పెడుతున్నామని చెప్పినప్పుడు మన సంఘం పెద్దాయన ఒకరు నన్ను నిలదీశాడు. "మాస్టారూ, మనకి భూమి గొడవుంది, శ్మశానం దారి గొడవుంది, కోర్టులో కేసులున్నాయి. అయ్యన్నీ వదిలేసి కాళ్లూ చేతులూ ఆడించే వైద్యం మీద మీటింగేంది?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి తర్వాత అసలు సంగతిలోకి వస్తాను.

పదెకరాలున్నోడికి కాలు విరిగిందనుకోండి, పొలం కౌలుకిచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఉద్యోగస్తుడికి నడుం పడిపోతే మెడికల్ లీవు పెడతాడు. మరి మన సంగతి? మనకి ఒళ్లే పొలం, ఒళ్లే పెట్టుబడి. చెయ్యి లేవకపోతే ఆ పూట కూలి లేదు. మోకాలు వంగకపోతే నాటుకి పిలిచేవాడు లేడు. భూమి లేని మనిషికి మిగిలిన ఒక్క ఆస్తి శరీరం. ఆ ఆస్తి పాడైతే బాగుచేసుకునే హక్కు గురించి మాట్లాడ్డం భూమి గురించి మాట్లాడ్డం కన్నా తక్కువ పని ఎట్లా అవుద్ది?

ఇంకో లెక్క చెబుతాను. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది. దేశం మొత్తం జనాభాలో నూటికి 2.21 మంది. అదే ఎస్సీల్లో చూస్తే నూటికి 2.45 మంది. అందరికన్నా మనలోనే ఎక్కువ. ఎందుకెక్కువ? మన రక్తంలో ఏదో లోపముందా? లేదు. కడుపుతో ఉన్న తల్లికి తిండి చాలకపోతే, తొమ్మిదో నెలలో కూడా బరువు మోస్తే, కాన్పుకి ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైతే, బిడ్డ పుట్టగానే ఏడవకపోతే ఆ బిడ్డ మెదడుకి దెబ్బ తగులుద్ది. ఎత్తు మీదనుంచి పడేది, బస్తాలు మోసేది, మురిక్కాలవల్లో దిగేది ఎవరు? మనమే. కాబట్టి ఈ 2.45 అనే అంకె దేవుడు రాసిన రాత కాదు. కులం రాసిన రాత.

పేరు గురించి కూడా ఒక మాట. వికలాంగులు అనేవాళ్లు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడుతూ దివ్యాంగులు అని పిలవమన్నాడు. అప్పట్నుంచీ ఆఫీసు బోర్డులన్నీ మారినయ్. మనకి ఈ ఆట పాతదే. మమ్మల్ని మనుషులుగా చూడండయ్యా అంటే హరిజనులు అని దేవుడి పిల్లల్ని చేశారు. పేరులో దేవుడొచ్చాడు, బావి దగ్గర నీళ్లు మాత్రం రాలేదు. ఇదీ అంతే. దివ్యాంగుడని పిలిచి ఆఫీసు మెట్లు అట్లనే ఉంచితే ఆ దివ్యత్వం ఎవరికి కావాలి? మనకి కావాల్సింది మెట్ల పక్కన వాలు దారి, మండలంలో వైద్యం, చేతిలో హక్కు.

ఇక అసలు సంగతి. ఫిజియోథెరపీ అంటే ఏంది? మనోళ్లు "కరెంటు పెట్టించుకోవడం" అంటారు. నడుం నొప్పికి వెళ్తే మిషను తగిలించి జిల్లుమనిపిస్తారు కదా, అందుకని ఆ పేరొచ్చింది. ఆ మిషను నొప్పిని కొంతసేపు తగ్గిస్తది. అది వైద్యంలో చిన్న భాగం. పెద్ద భాగం వేరే ఉంది. బిగుసుకుపోయిన కీలుని మెల్లగా కదిలించడం, సన్నగిల్లిన కండకి మళ్లీ బలం పోయడం, పడిపోయిన మనిషికి కూర్చోడం, లేవడం, అడుగెయ్యడం మళ్లీ నేర్పడం. ఇదంతా చేతులతో చేసే పని. చేసేవాళ్లు నాలుగేళ్ల పైన చదువుకుని వచ్చినోళ్లు. ఇందులో గుళిక తక్కువ, సూది అసలే లేదు. రోజూ చెయ్యాలి, నెలల తరబడి చెయ్యాలి. అందుకే బీదోడికి ఇది అందదు. గుళిక అయితే ఒక్కసారి కొనుక్కుని ఇంటికి పోవచ్చు. రోజూ ఆసుపత్రికి రావాలంటే రోజూ కూలి పోయిద్ది.

ఇంకోటి గమనించండి. ఇది తాకితే గానీ జరగని వైద్యం. నాడి చూడకుండా చీటీ రాసిచ్చే డాక్టర్లున్నారు. ఫిజియోథెరపీలో ఆ దొంగతనం కుదరదు. కాలు చేతిలోకి తీసుకోవాలి, నడుం పట్టుకోవాలి, చెమట పట్టిన వీపు మీద అరచెయ్యి ఆనించాలి. వేల ఏళ్లు మనల్ని తాకకూడదన్న దేశంలో, మన కాలు పట్టుకుని చేసే వైద్యం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. అందుకే కులం ఈ గదిలోకి కూడా దూరుతుంది. మా బంధువుల పిల్లని తీసుకుని ఒక ప్రైవేటు క్లినిక్‌కి పోయినప్పుడు, ముందు ఊరడిగారు, తర్వాత ఏ వీధి అని అడిగారు, తర్వాత చెయ్యి పెట్టకుండా దూరంగా నిలబడి "అట్లా ఆడించు, ఇట్లా ఆడించు" అని తల్లికి చెప్పి పంపారు. డబ్బులు మాత్రం చేత్తోనే తీసుకున్నారు.

అట్లాంటిది జరిగితే ఊరుకోవాల్సిన పని లేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 5వ సెక్షను ప్రకారం అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం, చేర్చుకున్నాక తేడా చూపడం నేరం. 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టంలో మనల్ని ఆసుపత్రిలోకి, ఆరోగ్య కేంద్రంలోకి రానివ్వకుండా అడ్డుకోవడం కూడా నేరంగా చేర్చారు. ఇదే సందర్భంలో మంచిమాట కూడా చెప్పాలి. ఏ కులమో అడక్కుండా మన పిల్లల కాళ్లు ఒళ్లో పెట్టుకుని గంటసేపు పనిచేసే థెరపిస్టు చెల్లెళ్లను నేను చూశాను. వాళ్లకి దండం పెట్టి కూర్చోవడం కాదు, వాళ్ల పని నిలబడేట్టు మనం వెనక నిలబడాలి.

పిల్లల దగ్గర్నుంచి మొదలుపెడతాను. నేను బడిపంతుల్ని కాబట్టి నాకు తెలిసిన సంగతి అదే.

కొందరు పిల్లలు పాదం లోపలికి తిరిగి పుడతారు. వంకర పాదం అంటాం. దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఉంటది. గ్రహణం పట్టింది, పూర్వజన్మ పాపం అని చెప్పేవాళ్లుంటారు. గ్రహణానికీ పాదానికీ సంబంధం లేదు. అమెరికాలో పోన్‌సెటి అనే డాక్టరు కనిపెట్టిన పద్ధతి ఇప్పుడు అన్ని దేశాల్లో వాడుతున్నారు. పుట్టిన మొదటి వారాల్లోనే వారానికో సిమెంటు కట్టు వేస్తూ పాదాన్ని కొంచెం కొంచెం తిప్పుకుంటూ వస్తారు. ఐదారు కట్లకి పాదం దారికొస్తది. చాలామందికి మడమ దగ్గర నరం లాంటి తాడుని చిన్న గాటు పెట్టి సడలిస్తారు. తర్వాత అడ్డపట్టీతో కలిపిన బూట్లు ఇస్తారు. మూడు నెలలు పగలూ రాత్రీ, ఆపైన నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడు వెయ్యాలి. ఇక్కడే మనోళ్లు దెబ్బతింటున్నారు. పాదం నిటారుగా కనపడగానే బూట్లు అటక మీద పెట్టేస్తున్నారు. పాదం మళ్లీ తిరిగిపోయిద్ది. తల్లులారా, ఆ బూట్లు మానొద్దు.

రెండోది మెదడుకి దెబ్బతగిలిన పిల్లలు. సెరిబ్రల్ పాల్సీ అంటారు. మూడు గుర్తులు చెబుతాను, మన ఆశ వర్కర్లూ అంగన్‌వాడీ చెల్లెళ్లూ రాసుకోండి. నాలుగైదు నెలలకి మెడ నిలవకపోతే, తొమ్మిది నెలలకి కూర్చోకపోతే, ఏడాదిన్నరకి నడవకపోతే వెంటనే చూపించాలి. "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడులే" అని మామ్మలు సముదాయిస్తారు. ఆ మాటతో రెండేళ్లు పోతాయి. ఆ రెండేళ్లే మెదడు కొత్త దారులు బాగా నేర్చుకునే కాలం. జిల్లా ఆసుపత్రుల్లో దీనికోసమే సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు. డైక్ అంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అవి వచ్చినయ్. పుట్టినప్పట్నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలకి అక్కడ పరీక్షా, థెరపీ ఉచితం. మన అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆరోగ్య బృందం అక్కడికి చీటీ రాసి పంపాలి.

మండలంలో ఉన్నది భవిత కేంద్రం. సమగ్ర శిక్ష కింద నడుస్తది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఐ.ఇ.ఆర్.పి. అనే టీచర్లుంటారు. వారానికోరోజు ఫిజియోథెరపిస్టు వస్తారు. కదల్లేని పిల్లలుంటే టీచర్లు ఇంటికొచ్చి నేర్పాలి. బడికొచ్చే పిల్లలకి రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకి ఎస్కార్టు భత్యం, ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున పదినెలలు స్టైపెండు ఉంది. ఇవి ఎవరి దయా కాదు. బడి రిజిస్టర్లో పేరుంటేనే వస్తాయి. కాబట్టి "వాడికి చదువెందుకు సార్, మంచంలో ఉంటాడు" అనొద్దు. పేరు రాయించండి.

మా బడిలో ఒక పాప ఉంది. పేరు చెప్పను. రెండు కాళ్లూ కత్తెర లాగా ముడిపడి నిలబడలేకపోయేది. వాళ్లమ్మ మిరపకోతలకి పోయే మనిషి. వారానికో రోజు కూలి వదులుకుని చంకనేసుకుని భవితకి తీసుకొచ్చేది. థెరపిస్టు ఆమెకి ఇంటి పని అప్పజెప్పేది: పొద్దున పది నిమిషాలు కాళ్లు విడదీసి సాగదియ్యడం, మధ్యాహ్నం గోడకానించి నిలబెట్టడం, నేల మీద కూర్చునేటప్పుడు కాళ్లు వెనక్కి మడవకుండా ముందుకి పెట్టించడం. మూడేళ్లకి ఆ పాప రెండు కర్రలతో బోర్డు దాకా వచ్చి తన పేరు రాసింది. పూర్తిగా నయమైందని నేను చెప్పట్లేదు. ఆ జబ్బు పోదు. కానీ దొడ్డికి తనే పోతది, తన కంచం తనే కడుక్కుంటది. వయసొచ్చే ఆడపిల్లకి ఈ రెండూ ఎంతో తల్లులకి నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి. ఇంత దూరం వచ్చాక ఆ తల్లి ఒకరోజు నా దగ్గరికొచ్చి, "సార్, ఇంక మాన్పిస్తాను. పాప బాగా నడిస్తే పర్సంటు తగ్గిద్దంట, పింఛను పోయిద్దంట" అంది. మీలో ఎంతమందికి ఈ భయం ఉందో చేతులెత్తకపోయినా నాకు తెలుసు. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024లో 3000 నుంచి 6000 అయింది. 40 శాతం దాటితేనే వస్తది. 2025లో సదరం సర్టిఫికెట్లు మళ్లీ తనిఖీ చేసి చాలామందికి నోటీసులిచ్చినప్పుడు ఎన్ని గుండెలు ఆగినంత పనైందో చూశాం. నెలకి 6000 అంటే మన ఇంట్లో బియ్యం, మందులు, అప్పు వడ్డీ. దాన్ని పోగొట్టుకోమని నేను నీతులు చెప్పను. ఆ తల్లిని తప్పు పట్టేవాడు ముందు ఆమె వంటింట్లో డబ్బాలు తెరిచి చూడాలి.

అయినా ఆమెకి నేను చెప్పింది ఇదే. అమ్మా, పర్సంటు కాగితం మీద ఉంటది, కాలు ఎముకలో ఉంటది. కాగితం మీద తప్పు రాస్తే అప్పీలు చేసుకోవచ్చు, ధర్నా చెయ్యొచ్చు, కోర్టుకి పోవచ్చు. పిల్ల ఎదుగుతున్నప్పుడు సాగదియ్యని కండరం కురచైపోయి కీలు బిగుసుకుంటే, దానికి అప్పీలు లేదు. పైగా సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్ల కర్రలతో నాలుగడుగులు వేసినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. ఏ చేత్తో ఎంత పని చేస్తది, ఎంతదూరం నడుస్తది, ఎవరి సాయం కావాలి, ఇవన్నీ చూసే డాక్టరు పర్సంటు వెయ్యాలి. అది రాసేటప్పుడు థెరపిస్టు రాసిన కార్డు మన చేతిలో ఉంటే మనకే బలం. వైద్యం చేయించుకుంటే శిక్ష, మానేస్తే బహుమానం అన్నట్టు నడిచే పద్ధతి దుర్మార్గమైంది. దాని మీద పోరాటం సంఘం పని. పింఛను కోసం కొట్లాడదాం. దానికి పిల్ల కాలుని తాకట్టు పెట్టొద్దు. ఆ తల్లి పాపని మాన్పించలేదు. ఆమె ఇక్కడే కూర్చునుంది.

పెద్దవాళ్ల సంగతికొద్దాం. పక్షవాతం. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దయినా వెంటనే 108కి ఫోను చెయ్యండి. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి నాలుగున్నర గంటల్లోపు తల స్కాను తీసి ఇంజక్షను ఇస్తే చాలామందికి మేలు జరుగుద్ది. మనోళ్లేం చేస్తున్నారు? పసరు పోయించడానికి జీపు మాట్లాడుకుని వంద మైళ్లు పోతున్నారు. పత్యం పేరుతో చింతపండు, కోడిగుడ్డు మానిపిస్తున్నారు. పడిపోయిన మనిషికి కండ రావాల్సిన టైములో గుడ్డు మాన్పించడమేంది?

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అసలు పని మొదలు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఎక్కువ కోలుకుంటారు. ఆ తర్వాత కూడా మెల్లగా మెరుగు ఉంటది. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. నీళ్లు పడుకోబెట్టి పొయ్యొద్దు, కూర్చోబెట్టి గుక్క గుక్క పట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపొద్దు. ఆ భుజం కీలుకి కండల పట్టు ఉండదు, లాగితే జారిపోయి జీవితాంతం నొప్పి మిగులుద్ది. నడుం దగ్గర పట్టుకుని లేపాలి. పాదం కిందికి వేలాడుతుంటే అట్టతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన స్ప్లింటు కట్టాలి. వీటిలో ఒక్కటి కూడా డబ్బులతో పని లేదు. చూపించేవాళ్లు ఒక్కసారి చేసి చూపిస్తే చాలు. ఆ ఒక్కసారి చూపించే మనిషే మన వాడకి రావట్లేదు.

మోకాళ్లు, నడుములు. ఏళ్ల తరబడి వంగి నాట్లేసిన ఆడవాళ్లు, తట్టలు మోసినవాళ్లు, రోడ్లూడ్చే పారిశుధ్య కార్మికులు, భుజాన డప్పు వేసుకుని తిరిగిన పెద్దలు, వీళ్లందరి కీళ్లు నలభై ఏళ్లకే అరిగిపోతున్నాయి. రోజుకో నొప్పి గుళిక మింగుతున్నారు. ఆ గుళికలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీ దెబ్బతింటది, కడుపులో పుండు పడతది. మోకాలి నొప్పికి చిన్న పని: బల్ల మీద కూర్చుని కాలు నిటారుగా చాపి, తొడ బిగించి, ఐదు అంకెలు లెక్కబెట్టి దించండి. పదిసార్లు ఒక కాలు, పదిసార్లు ఇంకో కాలు, పూటకోసారి. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుద్ది. వాపు బాగా ఉన్నా, జ్వరమున్నా, దెబ్బ తగిలినా మాత్రం ముందు డాక్టరుకి చూపించాలి. అయితే ఒకటి మర్చిపోవద్దు. కండ గట్టిపడినంత మాత్రాన కూలి పని తేలికవదు. మధ్యలో విరామం, బరువుకి హద్దు, పారిశుధ్య కార్మికులకి సరైన పనిముట్లు, ఇవి లేకుండా వ్యాయామం చేసుకోమనడం మనల్నే నేరస్తుల్ని చెయ్యడం.

వైద్యం మన బతుక్కి తగ్గట్టు ఉండాలి. ఒక డాక్టరు మా పెద్దమ్మకి "కింద కూర్చోవద్దు, కమోడు వాడండి" అని రాసిచ్చాడు. ఇంట్లో కుర్చీయే లేదు! జైపూర్ కాలు సంగతి వినే ఉంటారు. 1968 ప్రాంతంలో రాజస్థాన్‌లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి తయారుచేశారు. అంతకుముందొచ్చిన విదేశీ కృత్రిమ కాలుకి బూటు వేసుకోవాలి, దాంతో గొంతుక్కూర్చోవడం కుదరదు, బురదలో దిగడం కుదరదు. వీళ్లు ఒట్టికాళ్లతో నడిచే మనిషిని, పొలంలో దిగే మనిషిని చూసి కాలు చేశారు. అందుకే అది నిలబడింది. మన థెరపిస్టుని కూడా మనం అట్లనే అడగాలి: నాకు గట్టు దాటడం నేర్పు, బోరింగు కొట్టడం నేర్పు, నేల మీద కూర్చుని లేవడం నేర్పు.

కుష్టు వచ్చి తగ్గినవాళ్లని కూడా మర్చిపోవద్దు. మందుతో జబ్బు పోయినా స్పర్శ పోయిన చేతులూ పాదాలూ అట్లనే ఉంటాయి. రోజూ పాదాలు నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, గాయం ఉందేమో చూసుకోవాలి. మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తది, అడగాలి. పోలియో అయితే దేశంలో చివరి కేసు 2011 జనవరిలో బెంగాల్‌లో వచ్చింది, 2014 మార్చిలో మన ప్రాంతం పోలియో లేనిదని ప్రకటించారు. జబ్బు పోయింది గానీ అది కుంటిచేసిన మనుషులు నా వయసువాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వాళ్ల క్యాలిపర్లు తుప్పుపట్టినయ్, మార్చేవాడు లేడు.

దాడుల్లో దెబ్బతిన్నవాళ్ల గురించి కార్యకర్తలు జాగ్రత్తగా వినండి. అత్యాచారాల నిరోధక నిబంధనల 2016 సవరణ ప్రకారం, దాడి వల్ల నూరు శాతం వైకల్యం వస్తే 8 లక్షల 25 వేలు, 50 పైన ఉంటే 4 లక్షల 50 వేలు, 50 కన్నా తక్కువైతే 2 లక్షల 50 వేలు బాధితుడికి రావాలి. మనం ఎఫ్.ఐ.ఆర్. దాకా కొట్లాడుతున్నాం, తర్వాత మనిషిని మంచంలో వదిలేస్తున్నాం. విరిగిన చెయ్యి అతుక్కున్నాక కూడా లేవకపోతే అది కేసులో రాయాలి. థెరపీకి పంపించాలి, ప్రతి చీటీ దాచాలి. మనిషి చెయ్యి బాగవుద్ది, కేసూ బలపడుద్ది.

చట్టం ఏం చెబుతుందో క్లుప్తంగా చెబుతాను. రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో, జబ్బులో, వైకల్యంలో ప్రజలకి సాయం అందేట్టు చూడమని రాజ్యానికి చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఏడు రకాల వైకల్యాల్ని 21 చేసింది. 25వ సెక్షను ప్రకారం దగ్గర్లోనే, ముఖ్యంగా పల్లెల్లో, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉచిత వైద్యం ఇవ్వాలి, వైద్యంలో ముందు వరస ఇవ్వాలి. 31వ సెక్షను ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు ఇచ్చింది. 34వ సెక్షను సర్కారీ ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. 37వ సెక్షను వ్యవసాయ భూమి, ఇళ్లు ఇచ్చేటప్పుడు 5 శాతం వాళ్లకివ్వాలంది. చూశారా పెద్దాయనా, భూమి గొడవ దగ్గరికే తిరిగొచ్చాం. మెదడు సంబంధ వైకల్యాలున్నవాళ్లకి నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష దాకా, అందులో థెరపీ ఖర్చు కూడా కొంత వస్తది.

చట్టం ఇంత చక్కగా ఉంది. వారానికి ఒక్కరోజు థెరపిస్టు. వారానికి ఒక్కరోజు అన్నం పెడితే మనిషి బతుకుతాడా? కండ కూడా అంతే. అందుకే మన కోర్కెలు ఇవి:

1. మండలంలో వారానికి కనీసం మూడురోజులు ఫిజియోథెరపీ జరగాలి. ఒక పూట పెద్దవాళ్లకి కూడా ఇవ్వాలి.

2. నెలకోసారి థెరపిస్టు దళితవాడకి, గిరిజన కాలనీకి రావాలి. వచ్చే రోజు ముందే చాటింపు వెయ్యాలి.

3. తోడు వచ్చే తల్లికి పోయిన రోజు కూలి కట్టివ్వాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితమైంది, మంచిదే. కానీ బస్సు టికెట్టు మిగిలినంత మాత్రాన కూలి రాదు.

4. థెరపీ వల్ల మెరుగైనంత మాత్రాన పింఛను కొయ్యకూడదు. పర్సంటు తగ్గిస్తే కారణం రాసివ్వాలి, అప్పీలు తేలేదాకా పింఛను ఆపకూడదు.

5. దీనికి డబ్బుల్లేవంటారు. 2013 ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది, 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆ డబ్బు మన వాడలో ఖర్చుపెట్టడానికే ఉంది. రోడ్డు వేసినట్టే వైద్యం కూడా వెయ్యమనండి.

అడగడం ఒక్కటే చాలదు. మనం చెయ్యాల్సినయ్ ఉన్నాయి. ప్రతి వాడలో ఇద్దరు చదువుకున్న యువకులు, ఒకమ్మాయి, ఒకబ్బాయి, ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ ఇబ్బందుందో రాయండి. ఈసారి థెరపిస్టు వచ్చినప్పుడు పక్కన కూర్చుని తిప్పడం, లేపడం, కట్టు కట్టడం నేర్చుకోండి. సాయంత్రం కమ్యూనిటీ హాల్లో రెండు వెదురు బొంగులు నడుమెత్తున సమానంగా పాతండి. నడక నేర్చుకోడానికి అంతకు మించిన మిషను అక్కర్లేదు. కూలికి పోయిన తల్లి బిడ్డకి వంతులవారీగా పది నిమిషాలు కాళ్లు సాగదీస్తే మన సంఘం నిజంగా సంఘం అనిపించుకుంటది. దాంట్లో మాల, మాదిగ తేడా పెట్టొద్దు.

మా అయ్య వేలిముద్ర వేసేవాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇంటర్లో బై.పి.సి. చదివే మన పిల్లలు డాక్టరు సీటు రాకపోతే ఇంక చదువే లేదని కూలికి పోతున్నారు. ఫిజియోథెరపీ డిగ్రీ ఉంది, రిజర్వేషను ఉంది. రేపు మన పిల్ల ఆ తెల్లకోటు వేసుకుని, ఊళ్లో పెత్తందారు పడిపోయిన కాలుని కూడా చేత్తో పట్టుకుని నడిపించాలి. ఎవరి కాలో ఆమె కులం అడగదు. మన చెయ్యి తాకితే మైల అన్నవాడే, ఆ చెయ్యి ఆసరాగా లేచి నిలబడాలి.

వచ్చే సోమవారం మండలాఫీసులో అర్జీలిచ్చే రోజు. నడవగలిగినవాళ్లు నడిచి, నడవలేనివాళ్లు మూడు చక్రాల బండ్ల మీద, బిడ్డల్ని చంకనేసుకుని తల్లులు, అందరం పది గంటలకి అక్కడుండాలి. ఆఫీసుకి వాలు దారి లేదు. పైకి మనం ఎక్కం, అధికారినే కిందికి దిగి వచ్చి అర్జీ తీసుకోమందాం.

జై భీమ్.